నిచ్చెన కింద మనిషి

కళ్ళజోళ్ళ దుకాణం,
మే మొదటివారం

అక్కా,

ఉత్తరం చూడగానే ఎవరో పోయారని కంగారుపడకు. అందరం బతికే ఉన్నాం. ఫోన్ చేద్దామంటే మీ మరిది పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటున్నాడు, నేను కాస్త గొంతు తగ్గిస్తే చాలు, ఎవరితో అని అడుగుతాడు. అందుకని దుకాణంలో అద్దాలు అరగదీసే మిషను పక్కన కూర్చుని రాస్తున్నాను. నువ్వు కూడా ఇక్కడికే రాయి, ఇంటికి వద్దు.

ఈదురుగాలి రోజు ఆయన క్రేను మీద చిక్కుకుపోయిన సంగతి అమ్మ చెప్పే ఉంటుంది. గాలి పెరిగినప్పుడు క్రేను చేతిని వదిలేస్తారట. గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది, అలా తిరిగితేనే పడకుండా నిలబడుతుంది. ఆ రోజు అది సగం తిరిగి పట్టేసింది. ఆయన గాజుగదిలో కూర్చుని క్రేను మొత్తం ఊగిపోవడం చూస్తూ ఉండిపోయాడు. దిగి వచ్చి నవ్వుతూనే టీ తాగాడు. తర్వాతి వారం నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి కర్రలా బిగుసుకుపోయాడు. కమ్మీ పట్టుకున్న వేళ్ళు విడదీయడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది.

ఇప్పుడు డాక్టరు ఒక చిన్న మాత్ర ఇచ్చాడు. వారానికోసారి అది వేసుకుని, కాసేపు ఆగి, నిచ్చెన ఎక్కాలి. భయం దానంతటది తగ్గేదాకా అక్కడే ఉండి అప్పుడు దిగాలి. కింద ఇంటిమనిషి ఎవరైనా నిలబడాలి. ఇంకెవరున్నారు, నేనే. వానాకాలం వెళ్ళేదాకా కంపెనీ ఆయన సీటు వేరేవాళ్ళకి ఇవ్వదు. ఈలోగా ఎక్కగలిగితే ఎక్కినట్టు, లేకపోతే మనిషి ఇక ఇంటికే అంకితం.

డాక్టరు గ్లుటమేట్ అనీ, రిసెప్టర్లనీ ఏదో చెప్పాడు. ఆయన తలూపాడు, నేనూ తలూపాను, ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అది నీ ఎలుకలకి వేసే మందేనా? నిన్ను ఎలుకల డాక్టరని వెక్కిరించిన మనిషే ఇప్పుడు "మీ అక్కని అడుగు, అక్కని అడుగు" అని నా ప్రాణం తీస్తున్నాడు. నన్ను బెదురుగొడ్డు అని పిలవడం కూడా మానేశాడు.

నీ చెల్లి

*

ప్రయోగశాల, రెండో అంతస్తు,
మే చివర

చిన్నదానా,

అది నా ఎలుకల మందే. మీ ఆయన వచ్చి నా ఎలుకల పక్కన వరసలో నిలబడ్డాడన్నమాట. పాపం అనాలని ఉంది కానీ, నాకు పెళ్ళి కాలేదని నలుగురిలో ఆయన వేసిన జోకులు ఇంకా కంఠతా ఉన్నాయి, నోరు రావడం లేదు.

సరే విను. మెదడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే రసాయనం గ్లుటమేట్. అది వచ్చి తట్టే తలుపుల్ని రిసెప్టర్లు అంటాం. వాటిలో ఒక రకం తలుపు మహా మొండిది. ఒక్క కబురుకి తెరుచుకోదు, రెండు కబుర్లు కలిసి రావాలి. గంట మోగుతుంది, అదే క్షణంలో కాలికి షాకు తగులుతుంది. తలుపు తెరుచుకుంటుంది. గంట అంటే నొప్పి అని ఎలుక నేర్చేసుకుంటుంది. భయం పుట్టేది అక్కడ. పోయేదీ అక్కడే. షాకు లేకుండా ఉత్త గంట మోగిస్తూ పెట్టెలో ఉంచామనుకో, వణికి వణికి, ఆఖరికి విసుగొచ్చి మీసాలు దువ్వుకుంటుంది. గంట మోగినా ఏమీ కాదు అని కొత్త పాఠం. దానికీ ఆ తలుపే కావాలి. మాత్ర ఆ తలుపుని కాస్త తేలిగ్గా తెరిపిస్తుంది, అంతే.

ఇక్కడే జాగ్రత్త. మాత్ర ధైర్యం కాదు. ఆ పూట ఏం నేర్చుకుంటే దాన్ని గట్టిగా అతికించే జిగురు. భయం దిగాక మనిషి దిగితే ధైర్యం అతుక్కుంటుంది. భయం నెత్తికెక్కి ఉండగా దిగితే భయమే అతుక్కుంటుంది. నేను కొన్ని ఎలుకల్ని వణుకుతూ ఉండగానే పెట్టెలోంచి తీసేశాను. అవి మందే వేయని ఎలుకలకన్నా అధ్వాన్నమయ్యాయి. వాటికి గంట కూడా అక్కర్లేకపోయింది.

కాబట్టి ఎంత ఏడ్చినా, నిన్ను ఎన్ని తిట్టినా, మధ్యలో దించకు. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకో, మిగతాది డాక్టరు చూసుకుంటాడు.

అక్క

*

కళ్ళజోళ్ళ దుకాణం,
జూన్

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేద్దామనుకుని వెళ్ళాను. కంపెనీ యార్డులో క్రేను నేర్చుకునేవాళ్ళ కోసం పాత క్రేను స్తంభం ఒకటి నిలబెట్టి ఉంచారు. నడుముకి బెల్టు కట్టుకుని ఎక్కాడు. మధ్యలో ఆగడానికి వేసిన ఇనపరేకు అరుగుల్లో మొదటిదాని దగ్గర ఆగి, కిందికి చూడకుండా, "ఒసేయ్, ఉన్నావా?" అని అడిగాడు. ఉన్నానన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఉన్నానన్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నేనున్నానో లేదో ఆయనకి తెలుసుకోవాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

మొహం సున్నం కొట్టినట్టయింది. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. పళ్ళు కొట్టుకోవడం కిందికి వినిపించింది. "చాలు, దిగిపో" అన్నాను. దిగి వచ్చి నా భుజం పట్టుకుని ఇంటిదాకా వదల్లేదు.

దించకూడదని తెలుసు. కడుపు తరుక్కుపోయిందే, ఏం చెయ్యను? వచ్చే వారం గట్టిగా ఉంటాను.

నీ చెల్లి

*

ప్రయోగశాల,
జూన్

చిన్నదానా,

నీ కడుపు తరుక్కుపోతే గోడవైపు తిరిగి నిలబడు. నోరు మాత్రం తెరవకు. నువ్వు జాలి అనుకుంటున్నది ఆయనకి విషం. ఇంకోసారి ఇలా జరిగితే ఆ మాత్ర వేసుకోకుండా ఉండటమే మేలు.

అక్క

*

కళ్ళజోళ్ళ దుకాణం,
జులై

అక్కా,

వానలు పట్టుకున్నాయి. మాత్ర పూట మాత్రం పొడిగానే ఉంటోంది, దానికేం లోటు లేదు. పోయిన వారం మొదటి అరుగు దాకా కూడా వెళ్ళలేకపోయాడు. ఈ వారం స్తంభం కనిపించగానే బస్సులో కూర్చున్నచోటే చెమటలు పట్టాయి. అయినా ఎక్కించాను. బాగా వణుకు వచ్చాక దిగిపొమ్మన్నాను.

ఇల్లు ఎంత మారిందో చూస్తే నమ్మవు. నేను వెళ్ళేసరికి కూరలు తరిగి ఉంటాయి. బట్టలు మడతపెట్టి ఉంటాయి. కిటికీ దగ్గర నిలబడి వీధి చివరిదాకా చూస్తుంటాడు, నేను మలుపు తిరగ్గానే తలుపు తీస్తాడు. "ఇవాళ ఆలస్యమైందేం?" అని అడుగుతాడు. ఆ మాట నేను అడిగి అడిగి మానేసిన మాట.

మేడమీద జరిగింది నీకెప్పుడూ చెప్పలేదు కదా. ఆయన స్నేహితులు భోజనానికి వచ్చిన రోజు, బెదురుగొడ్డుకి వైద్యం చేస్తానని నన్ను ఎత్తి పిట్టగోడ మీద కూర్చోబెట్టాడు. కాళ్ళు అవతలికి వేలాడుతున్నాయి. ఆయన రెండు చేతులూ వదిలేసి చప్పట్లు కొట్టాడు. దించమని ఏడ్చాను. నవ్వు తగ్గేదాకా దించలేదు. నా చీర తడిసిపోయింది. ఆ తడి కథని ఎన్ని ఇళ్ళల్లో, ఎన్ని భోజనాల దగ్గర చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ నేను వడ్డిస్తూనే ఉన్నాను.

నేను మాత్రం ఆయన దించమనకముందే దించుతున్నాను.

నీ చెల్లి

*

ప్రయోగశాల,
జులై చివర

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు జాలితో దించడం లేదు. మొదటిసారి కూడా జాలి కాదేమో. నేను జాగ్రత్త కోసం చెప్పిన మాటని నువ్వు తిరగేసి పట్టుకున్నావు.

ఆయన నిన్ను పిట్టగోడ ఎక్కించినందుకు నా ఒళ్ళు మండిపోతోంది. అప్పుడే చెప్పి ఉంటే వచ్చి మొహం మీదే నాలుగు అని ఉండేదాన్ని. విడిపోతానంటే ఇవాళే వచ్చి నీ పెట్టె సర్దుతాను. కానీ ఇది వేరు. మనిషి మెదడులో ఒకసారి ఇలా అతికించింది ఊడదీయడం నాకు కూడా చేతకాదు. వెంటనే ఆపు. లేకపోతే ఆ డాక్టరుకి నేనే ఉత్తరం రాస్తాను.

అక్క

*

కళ్ళజోళ్ళ దుకాణం,
ఆగస్టు

అక్కా,

రాయి. కాగితం లేకపోతే చెప్పు, పంపిస్తాను.

ఎంత బాధపడిపోతున్నావే. నీ ఎలుకల్ని వణుకుతుండగా బయటికి తీసినప్పుడు నీకు ఏ పూటైనా అన్నం సయించకుండా పోయిందా? అవి నిన్ను పిట్టగోడ ఎక్కించలేదు, భోజనాల దగ్గర నీ కథ చెప్పి నవ్వించలేదు. వాటి పాపమల్లా నీ చేతికి దొరకడం. నా వాడు అలా కాదు, వాడికి రావాల్సిందే వస్తోంది.

అమ్మ చెప్పింది, పత్రికకి పంపిన నీ పరిశోధన పేపరు మళ్ళీ వెనక్కి వచ్చిందట కదా. అంతా బాగుంది, ఎలుకల్లో జరిగింది మనుషుల్లో జరుగుతుందని రుజువేదీ అని రాశారట. మనుషులకి కావాలని ఇలా చేయడానికి ఎవరూ ఒప్పుకోరని ఏడ్చావట.

నీ రుజువు మా ఇంట్లో సోఫాలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. డాక్టరుకి రాస్తావో, నన్ను అడుగుతావో నీ ఇష్టం.

నీ చెల్లి

*

ప్రయోగశాల,
ఆగస్టు చివర

చిన్నీ,

డాక్టరుకి రాయలేదు.

మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి ఎక్కుతున్నాడు? దిగిపొమ్మని ప్రతిసారీ నువ్వే అంటున్నావా, ఒక్కసారైనా తనంతట తాను దిగాడా? అదే మాట, అదే గొంతుతో అంటున్నావా? మాట మార్చకు. పైకి చూసి వణుకు బాగా పెరిగినప్పుడే అను, ముందూ వద్దు, తర్వాతా వద్దు. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఇంట్లో కొత్తగా దేనికైనా బెదురుతున్నాడా, వివరంగా రాయి. నీకు అనవసరం అనిపించింది కూడా రాయి.

ఎక్కడా ఆయన పేరు ఉండదు. ఉన్నా ఎవరూ నమ్మరు. నాకు తెలియాలి, అంతే.

ఒంట్లో జాగ్రత్త.

అక్క

*

కళ్ళజోళ్ళ దుకాణం,
సెప్టెంబరు

అక్కా,

ఇదిగో నీ లెక్క. మాత్ర ఇంట్లో వేసుకుంటాడు, బస్సు దిగి బెల్టు కట్టుకునేసరికి సమయం సరిపోతుంది. దిగిపొమ్మనేది ఎప్పుడూ నేనే. "చాలు, దిగిపో." అవే రెండు మాటలు. నువ్వు రాసినప్పటినుంచి వణుకు చూసి మరీ అంటున్నాను. ఇప్పుడు నాకు బాగా తెలిసిపోయింది, ముందు మోకాలు ఆడుతుంది, తర్వాత మెడ, తర్వాత దవడ. దవడ దగ్గర అంటాను.

కొత్త సంగతులు అడిగావు. కిటికీ దగ్గర నిలబడి నాకోసం వీధి మలుపు చూడటం మానేశాడు. తలుపుకి నా తాళంచెవి తిరిగితే చేతిలో ఉన్నది కిందపడేస్తున్నాడు. పోయిన వారం రెండు కప్పులు పోయాయి. సోఫాలో నా పక్కన కూర్చునేవాడు, ఇప్పుడు కుర్చీ లాక్కుని అవతల కూర్చుంటున్నాడు. భయం ముదిరి ఇల్లంతా పాకినట్టుంది. వానాకాలం వెళ్ళడానికి ఇంకెంతో లేదు. కంపెనీ వాళ్ళు ఈసారి అడిగితే కుదరదని నేనే చెప్పేస్తాను.

నాకు ఎంత హాయిగా ఉందో నీకొక్కదానికే చెప్పగలను.

నీ చెల్లి

*

ప్రయోగశాల,
సెప్టెంబరు

చిన్నీ,

కప్పుల సంగతి చాలా ముఖ్యం. తాళం చెవి తిప్పినప్పుడే పడేస్తున్నాడా, మెట్ల మీద నీ అడుగులకేనా? పక్కింటివాళ్ళు తలుపు తీసినా ఉలికిపడతాడా? నువ్వు దుకాణంలో ఉండగా ఇంట్లో ఎలా ఉంటాడో ఎవరినైనా అడిగి చూడు.

మిగతాదంతా ఇలాగే కానీ. ఏమీ మార్చకు.

అక్క

*

ఇంటి నుంచి,
సెప్టెంబరు చివర

అక్కా,

ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను, నేను ఇంట్లో ఉంటే ఆయన బయటికి వెళ్ళిపోతున్నాడు కనుక.

పోయిన వారం నాకు జ్వరం. లేవలేకపోయాను. మాత్ర రోజు తప్పకూడదని క్లినిక్ కాంపౌండరు ఆయన వెంట యార్డుకి వెళ్ళాడు. కాంపౌండరుకి నత్తి, నోరు తెరవడానికే మొహమాటం. కింద నిలబడి పల్లీలు తింటూ ఉన్నాడట. మీ మరిది మొదటి అరుగు దాటాడు. రెండోదీ దాటాడు. అక్కడ చాలాసేపు కమ్మీ పట్టుకుని నిలబడి, ఊపిరి తీసుకుని, చివరిదాకా వెళ్ళి గాజుగదిలో కూర్చున్నాడు. కాసేపయ్యాక పాట పాడాడట. కాంపౌండరు ఇంటికొచ్చి మంచం పక్కన నిలబడి, నాకు శుభవార్త చెబుతున్నాననుకుని, ఇదంతా మెల్లిగా ఒక్కో ముక్కా చెప్పాడు.

ఆయన గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. నేను లేచి కూర్చుని "మంచినీళ్ళిస్తావా" అన్నాను. నవ్వు పోయింది. గ్లాసు తెచ్చాడు కానీ నా చేతికి ఇవ్వలేకపోయాడు. నీళ్ళు తొణికి దుప్పటంతా తడిసింది. బల్ల మీద పెట్టి వెనక్కి అడుగులు వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

పక్కింటావిడని అడిగాను. నేను దుకాణానికి వెళ్ళిన దగ్గర్నుంచి ఆయన బాల్కనీ అంచు మీద నుంచి వంగి బట్టలు ఆరేస్తాడట, ఈల వేస్తాడట. ఐదో అంతస్తే మాది. "మీరొచ్చే వేళకి లోపలికి పోతారండీ" అంది ఆవిడ.

ఇదేమిటి? భయం అతుక్కుంటుందన్నావు కదా. ఎక్కడ అతుక్కుంది?

నీ చెల్లి

*

ప్రయోగశాల,
అక్టోబరు

చిన్నీ,

భయం అతుక్కుంది నీకే.

ఆ తలుపుకి రెండు కబుర్లు కలిసి రావాలని మొదటి ఉత్తరంలోనే రాశాను. ఒకటి భయం. రెండోది నిచ్చెన అని నువ్వు అనుకున్నావు. నిచ్చెన ఎప్పుడూ అక్కడే ఉంది, దడ ఉన్నప్పుడూ ఉంది, లేనప్పుడూ ఉంది. దడ ఆకాశాన్నంటిన ఆ ఒక్క క్షణానికి, ప్రతి వారం, తప్పకుండా వచ్చింది నీ గొంతు. నేను గంట మోగించినంత శుభ్రంగా మోగించావు. ఇంత చక్కగా చేసే మనిషిని నా దగ్గర పనికి పెట్టుకునేదాన్ని.

నా ఎలుకల్లో కూడా ఇలాంటివి వచ్చాయి. పెట్టెలో హాయిగా తిరుగుతాయి, నా చేతి తొడుగు కనిపిస్తే మూలకి పోయి బిగుసుకుంటాయి. ఎత్తే చేతిని నేర్చుకున్నాయి. కప్పులు పగిలాయని నువ్వు రాయగానే నాకు అర్థమైంది. చెప్పలేదు. చెబితే గొంతు మార్చేదానివి, లేదా మానేసేదానివి, అప్పుడు ఏమీ తేలేది కాదు.

కోపం తెచ్చుకోకు. ఆయన్ని భయపెట్టాలనుకున్నావు, భయపడుతున్నాడు. దేనికి అన్నది ఒక్కటే తేడా.

దీన్ని విప్పే దారి కూడా అదే తలుపు. మాత్ర వేసుకున్నాక నువ్వు ఆయన ఎదురుగా ఊరికే కూర్చోవాలి. ఒక్క మాటా అనకూడదు. వణుకు పూర్తిగా తగ్గేదాకా లేవకూడదు. ఎన్ని వారాలైనా పట్టవచ్చు. అందుకు ఆయన ఒప్పుకోవాలి, నువ్వు ఓపిక పట్టాలి. చేస్తే మాత్రం నాకు రాయి, అది కూడా ఎవరూ మనుషుల్లో చూడలేదు.

అక్క

*

కళ్ళజోళ్ళ దుకాణం,
అక్టోబరు చివర

అక్కా,

ఆయన ఒప్పుకోలేదు. అసలు అడగనివ్వలేదు. నేను దుకాణంలో ఉండగా పరుపు చుట్టుకుని సైటు పక్కన పనివాళ్ళ గదులకి వెళ్ళిపోయాడు. సీటు తిరిగి ఇచ్చారు. మళ్ళీ క్రేను మీదే ఉన్నాడు. పక్కింటావిడకి తాళం ఇచ్చి, "ఆవిడతో చెప్పండి, నా మీద కోపం పెట్టుకోవద్దని. ఆవిడ మంచిదే, నాకే ఎందుకో ఊపిరాడటంలేదు" అన్నాడట. నీకు కూడా కృతజ్ఞతలు చెప్పమన్నాడట, మీ మందు వల్లే బాగుపడ్డానని.

రెండు వారాలు ఏడ్చాను. ఖాళీ ఇంట్లో చిక్కుళ్ళు ఒలవడానికి నా చేతులే ఉన్నాయి. ఆయన నాకు కావాలి. తిట్టినా, వెక్కిరించినా ఆ పాత మనిషైనా సరే అనుకునేంతవరకూ వచ్చాను. నీకు ఇది పనికొచ్చే సంగతి కాదు కనుక ఇక్కడితో ఆపుతున్నాను.

నిన్న సైటుకి వెళ్ళాను. లోపలికి కాదు, ఎదురుగా రోడ్డుకి ఇవతల బస్సు ఆగేచోట నిలబడ్డాను. చూసి వచ్చేద్దామని, నిజంగా అంతే. ఇనపకడ్డీల కట్ట ఒకటి మెల్లిగా పైకి వెళుతోంది. ఎంత నున్నగా తిప్పుతాడో, చూడటానికి ముచ్చటేసింది. ఉన్నట్టుండి కట్ట ఆగిపోయింది. గాలిలో అలాగే వేలాడుతోంది. కింద మనుషులు తలెత్తి చూసి చెల్లాచెదురయ్యారు.

కాసేపటికి మేస్త్రీ రోడ్డు దాటి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మా, మీకు దండం పెడతాను, ఆ మలుపు అవతలికి వెళ్ళండి. పైన ఆయనకి చేతులు ఆడటంలేదు."

"ఇంతమందిలో నేనని ఎలా తెలిసింది?" అన్నాను.

"రేడియోలో చెప్పాడమ్మా, బస్సు ఆగేచోట అని. అది వచ్చింది అన్నాడు."

మలుపు అవతలికి వెళ్ళాను. కట్ట కదిలింది. నాలుగడుగులు వెనక్కి వేసి మళ్ళీ కనపడ్డాను. ఆగింది. వెళ్ళాను, కదిలింది. వచ్చాను, ఆగింది. అంత ఎత్తు ఇనుము, అంత బరువు, ఇన్నాళ్ళకి నా మాట వింది. మేస్త్రీ ఏడవడం మొదలుపెట్టాడు, కింద తన కొడుకు కూడా పని చేస్తున్నాడట.

నీకు ఇంకా వివరాలు కావాలంటే రాయి, జాగ్రత్తగా చూసి చెబుతాను. రేపు దుకాణానికి సెలవు పెట్టాను.

నీ చెల్లి